కంటికి దూరం ఎలా తెలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చూపు గురించి ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఎదురుగా ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో మనకు ఎలా తెలుస్తుందన్నదే ఆ సందేహం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: శుక్లాల ఆపరేషన్ అయిన రోజున నా కుడికంటికి కట్టు వేశారు. ఇంట్లో నడవడానికి, టీవీ చూడటానికి ఏ ఇబ్బందీ కలగలేదు. కానీ చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంపుకోబోతే సగం బయట పడ్డాయి, సూదిలో దారం ఎక్కించడం అసలే కుదరలేదు. ఒక కంటితో అన్నీ స్పష్టంగానే కనబడుతున్నప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది?
— విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: మీరు గమనించిన తేడా చాలా విలువైనదండి. కంటి వెనుక ఉండే రెటీనా ఒక పలుచని పొర. దాని మీద పడే బింబానికి పొడవు, వెడల్పు ఉంటాయే తప్ప లోతు ఉండదు. చేతిలోని నిమ్మకాయ, గది అవతలి చివర ఉన్న పెద్ద గుమ్మడికాయ అక్కడ ఒకే పరిమాణంలో బింబాన్ని ఏర్పరచగలవు. అంటే దూరాన్ని కన్ను నేరుగా కొలవదు. బింబంలోనూ, కళ్ల కదలికల్లోనూ దొరికే ఆధారాలను కూడదీసుకుని మెదడే దానిని నిర్ధారిస్తుంది.

ఆ ఆధారాల్లో చాలా వాటికి ఒక్క కన్ను చాలు. ఒక వస్తువు వెనుక మరొకటి సగం దాగి ఉంటే, దాగినది అవతల ఉన్నదన్న మాట. పరిమాణం ముందే తెలిసిన మనిషో, ఆవో, బస్సో చిన్నగా కనబడితే దూరంగా ఉన్నట్టు. నేల మీది గడ్డి, కంకర దూరం పోయేకొద్దీ సన్నబడి ఒకదానికొకటి దగ్గరవుతాయి. నీడలు ఏది ఎత్తో, ఏది పల్లమో చెబుతాయి. వీటన్నిటికంటే బలమైనది మన కదలిక. రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాలు రివ్వున వెనక్కి పోతాయి, పొలం అవతలి తాటిచెట్లు నెమ్మదిగా జరుగుతాయి, చందమామ మనతోపాటే వస్తున్నట్టు ఉంటుంది. నడుస్తున్నప్పుడు, తల తిప్పుతున్నప్పుడు కూడా ఇదే చిన్న స్థాయిలో జరుగుతూ ఉంటుంది. ఇంట్లో తిరగడానికి మీకు ఇబ్బంది కలగకపోవడానికి కారణం ఇదే.

చేతికి అందే దూరంలో, మిల్లీమీటర్ల లెక్కలో పని చేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఇవి చాలవు. పెద్దవారిలో రెండు కనుపాపల మధ్య ఎడం సగటున 6.3 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ ఎడం వల్ల రెండు కళ్లకూ ఒకే దృశ్యం రెండు కోణాల నుంచి కనబడుతుంది. బొటనవేలిని ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒక్కో కన్నూ మార్చి మార్చి మూస్తే, వెనుక గోడతో పోల్చినప్పుడు వేలు అటూ ఇటూ గెంతినట్టు కనబడుతుంది. ఈ చిన్న తేడాయే లోతుకు ఆధారమని నిరూపించినవాడు బ్రిటన్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్. ఒకదానికొకటి లంబకోణంలో అమర్చిన రెండు అద్దాల ద్వారా ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ మాత్రమే కనబడేలా ఒక పరికరం తయారు చేసి, 1838లో రాయల్ సొసైటీకి తన పరిశోధనను సమర్పించాడు. అందులో వాడినవి నీడలు, రంగులు లేని వట్టి గీతల బొమ్మలు. లోతును సూచించే ఇతర ఆధారాలేవీ అందులో చొరబడకూడదన్నది ఆయన ఉద్దేశం. అయినా ఆ రెండు చదునైన బొమ్మలు కలిసి ఒకే ఘనరూపంగా ఎదుట నిలిచాయి.

ముందు ఒక్కో కన్నూ వస్తువును గుర్తుపడితే, ఆ తరువాత మెదడు రెంటినీ పోలుస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1960లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న బేలా యూలెష్ ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేశాడు. కంప్యూటర్‌తో చెల్లాచెదురు చుక్కల బొమ్మలు రెండు తయారు చేసి, ఒకదానిలో మధ్య భాగపు చుక్కలను మాత్రం కొద్దిగా పక్కకు జరిపాడు. ఏ ఒక్క కంటితో చూసినా అందులో చుక్కలు తప్ప ఏ ఆకారమూ లేదు. రెండు కళ్లూ కలిపి చూస్తే మాత్రం మధ్యలో ఒక చతురస్రం గాలిలో తేలుతూ కనబడుతుంది. వస్తువేదో తెలియక ముందే మెదడు లోతును కట్టగలదని దీనితో తేలింది. మానవ దృష్టి మీద జరిగిన ప్రయోగాల్లో ఇంత సరళమైనది, ఇంత నిర్ణయాత్మకమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. 1967లో బార్లో, బ్లేక్‌మోర్, పెటిగ్రూ అనే శాస్త్రవేత్తలు పిల్లి మెదడులో, రెండు కళ్ల బింబాల మధ్య నిర్దిష్టమైన తేడా ఉన్నప్పుడే బలంగా స్పందించే కణాలను గుర్తించారు.

ఈ రెండు కళ్ల లెక్క ఎంత దూరం వరకు పనికొస్తుందో అంకెల్లో చూడండి. డిగ్రీలో 3,600వ వంతును ఒక సెకను అంటారు. రెండు కళ్ల కోణాల్లో 20 సెకన్ల తేడాను పట్టగల వ్యక్తికి, ఒక మీటరు దూరంలో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల ముందువెనుకలు తెలుస్తాయి. పది మీటర్ల దూరంలో అది 15 సెంటీమీటర్లవుతుంది, వంద మీటర్ల దూరంలో ఏకంగా 15 మీటర్లవుతుంది. దూరం పదిరెట్లయితే పొరపాటుకు అవకాశం వందరెట్లవుతుందన్న మాట. సూది బెజ్జం దగ్గర రెండో కన్ను లేని లోటు మీకు వెంటనే తెలిసి, వీధి చివర తెలియకపోవడానికి కారణం ఇదే.

రెండో కన్ను లేకపోతే దూరం అసలే తెలియదని దీని అర్థం కాదు. మన్సూర్ అలీఖాన్ పటౌడీ 1961 జూలైలో ఇంగ్లండ్‌లోని హోవ్‌లో జరిగిన కారు ప్రమాదంలో కుడికంటి చూపు దాదాపు పూర్తిగా కోల్పోయారు. అదే ఏడాది డిసెంబరులో టెస్టు క్రికెట్‌లో అడుగుపెట్టి, ఆ మరుసటి నెలలోనే మద్రాసులో శతకం చేసి, 21 ఏళ్లకే భారత జట్టు నాయకుడయ్యారు. మన పాఠకుల్లో పెద్దవారు, ఎం.ఎల్. జయసింహ నాయకత్వంలో హైదరాబాద్ జట్టుకు ఆయన ఆడిన రోజులను గుర్తుపెట్టుకునే ఉంటారు. వేగంగా వచ్చే బంతి విషయంలో దాని బింబం ఎంత త్వరగా పెరుగుతున్నదన్నదే బలమైన ఆధారం, అది ఒక కంటికీ అందుతుంది. అయితే అలాంటి అలవాటు కుదరడానికి సమయం, సాధన కావాలి. కట్టు ఉన్నంతసేపు నీళ్లు వంపేటప్పుడు చెంబు అంచును గ్లాసు అంచుకు తాకించి వంపండి, మెట్లు దిగేటప్పుడు పిట్టగోడ పట్టుకుని దిగండి.

ప్రశ్న: మా ఊరికి ఎదురుగా ఉన్న కొండ వేసవిలో చాలా దూరంగా, వాన వెలిసిన మర్నాడు మాత్రం నడిచి వెళ్లేంత దగ్గరగా కనిపిస్తుంది. ఇది నా ఒక్కడి భ్రమేనా?
— రైతు, పాడేరు

జవాబు: మీ ఒక్కరిదే కాదు, అందరికీ అలాగే కనిపిస్తుంది. మనకూ కొండకూ మధ్య ఉన్న గాలిలోని ధూళి, తేమ, గాలి అణువులు కూడా వెలుతురును చెదరగొడతాయి. కొండ మీది చెట్ల ముదురు రంగులు వెలిసిపోయి, మొత్తం నీలిబూడిద రంగులోకి మారుతుంది. గట్లు, బండలు, చెట్లు వేరువేరుగా కనబడవు. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు అన్నది మరో అర్థంలోనే అయినా, దృష్టిశాస్త్రం ప్రకారం అది అక్షరాలా నిజం. ఇలా ఎంత మసకబారితే అంత దూరమని మెదడు లెక్క వేస్తుంది. వాన దుమ్మును కడిగేశాక కొండ మీది ప్రతి బండా స్పష్టంగా కనబడటంతో అదే లెక్క ప్రకారం కొండ దగ్గరకు వస్తుంది. దూరపు కొండలను నీలిగా, మసకగా వేయాలని లియొనార్డో డావిన్చి చిత్రకారులకు వివరంగా చెప్పాడు.

మీరు ఉండే ప్రాంతానికి ఇది మరీ అవసరమైన సంగతి కాబట్టి ఒక మాట చేరుస్తున్నాను. శీతాకాలపు పొగమంచులో ఇదే లెక్క ప్రాణం మీదికి తెస్తుంది. ముందు పోతున్న లారీ మసకగా కనబడటం వల్ల నిజంగా ఉన్నదానికంటే దూరంగా ఉందనిపిస్తుంది. వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ విషయంలో ఇక చెప్పనవసరం లేదు. ఘాట్ రోడ్డులో పొగమంచు ఉన్నప్పుడు మీ కంటికి తోచిన దూరాన్ని నమ్మకండి, తోచినదానికంటే తక్కువే ఉందనుకుని బండి నడపండి.

ప్రశ్న: కారు పక్క అద్దం మీద, అద్దంలో కనిపించే వాహనాలు కనబడేదానికంటే దగ్గరగా ఉంటాయని రాసి ఉంటుంది. అద్దం అబద్ధం చెబుతుందా?
— ట్యాక్సీ డ్రైవరు, సూర్యాపేట

జవాబు: ఆ అద్దం కుంభాకార దర్పణం, అంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. పక్క వరుసలు కూడా కనబడేలా ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని చూపడం దాని పని. అంత దృశ్యాన్ని చిన్న అద్దంలో పట్టించాలంటే ప్రతి వాహనాన్నీ కుదించి చూపక తప్పదు. బస్సు పరిమాణం మనకు తెలుసు కనుక, చిన్నగా కనబడిన బస్సును మెదడు దూరంగా ఉన్నట్టు లెక్కిస్తుంది. కారు లోపల నడిమి అద్దం సాధారణంగా సమతలంగా ఉంటుంది కాబట్టి, వరుస మారే ముందు దూరాన్ని అందులో చూసి నిర్ణయించుకోవడం మేలు. మరొక సంగతి: అద్దం లేకుండా నేరుగా చూసినా, చిన్న వాహనం పెద్ద వాహనం కంటే ఆలస్యంగా మన దగ్గరకు వస్తుందని మనకు తోస్తుంది. కూడలిలో ఎదురుగా వచ్చే లారీ కోసం ఆగినవారే మోటారు సైకిలు ముందుకు బండిని పోనివ్వడానికి ఇది ఒక కారణం.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఎడమకన్ను అప్పుడప్పుడు ముక్కువైపు తిరిగిపోతుంది. మెల్లకన్ను అదృష్టమని, పెద్దయితే అదే సర్దుకుంటుందని మా అత్తగారు అంటున్నారు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలా?
— ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా, ఈ వారంలోనే తీసుకెళ్లండి. ఈ శీర్షికలో ఇంత నిక్కచ్చిగా చెప్పే సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి. మీ అత్తగారు మనవడి మీద ప్రేమతోనే ఆ మాట అని ఉంటారు, కానీ ఆ నమ్మకం వల్ల ఎందరో పిల్లలు ఒక కంటి చూపును సగానికి పైగా పోగొట్టుకున్నారు.

రెండు కళ్లూ కలిసి లోతును చూడటం పుట్టుకతోనే పూర్తిగా సిద్ధమై రాదు. సాధారణంగా నాలుగో నెల ప్రాంతంలో మొదలై, ఆ తరువాతి కొన్ని సంవత్సరాల్లో స్థిరపడుతుంది. ఆ సమయంలో రెండు కళ్లూ ఒకేచోట చూడకపోతే, మెదడుకు ఒకే దృశ్యం రెండుగా అందుతుంది. ఆ గందరగోళాన్ని తప్పించుకోవడానికి అది పక్కకు తిరిగిన కంటి నుంచి వచ్చే సమాచారాన్ని తోసిపుచ్చడం మొదలుపెడుతుంది. కొంతకాలానికి ఆ కన్ను నిర్మాణంలో ఏ లోపమూ లేకుండానే చూపు మందగిస్తుంది. డాక్టర్లు లేజీ ఐ అనే మందదృష్టి ఇదే. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ 1960లలో పిల్లికూనల మీద చేసిన ప్రయోగాల్లో, మొదటి వారాల్లో ఒక కన్ను మూసి ఉంచితే మెదడులో ఆ కంటికి స్పందించవలసిన కణాలు దాదాపు అన్నీ రెండో కంటి వైపుకు మళ్లిపోయాయి. పెద్ద పిల్లుల్లో అలా జరగలేదు. 1981లో వారికి నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధనల్లో ఇది ఒకటి. పిల్లల కళ్ల విషయంలో తొందర ఎందుకో ఈ ప్రయోగం లోకానికి విడమరిచి చెప్పింది.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. కొందరికి సరైన కళ్లద్దాలతోనే కన్ను నిలబడుతుంది. మందదృష్టి ఉంటే బాగున్న కంటిని రోజూ కొన్ని గంటలు అతుకు (ప్యాచ్)తో మూసి, బలహీనమైన కంటితో పని చేయిస్తారు. బాబు పేచీ పెడతాడు, అయినా డాక్టరు చెప్పిన గంటలు తగ్గించకండి. అవసరమైతే కంటి కండరాలకు శస్త్రచికిత్స చేస్తారు. ముక్కు దూలం వెడల్పుగా ఉండే కొందరు పిల్లలకు మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది. అలాంటిదైతే డాక్టరు ఆ మాట చెప్పి పంపిస్తారు, మీకు నష్టమేమీ లేదు. ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఒక కనుపాప తెల్లగా మెరుస్తూ కనబడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. అరుదే అయినా, కంటిలోని కణితి కూడా మెల్లకన్నుగా బయటపడవచ్చు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు పిల్లల కళ్ల విభాగం ఉంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామాల్లో దాని దృష్టి కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరలో పిల్లల కళ్లు చూసే డాక్టరు ఎవరున్నా సరే, ముందు వారికి చూపించండి.

ఇది చదివి, మా వయసు దాటిపోయిందే అని పెద్దవారు ఎవరూ కుంగిపోవలసిన పని లేదు. పసితనం నుంచి మెల్లకన్నుతో పెరిగిన అమెరికా నాడీశాస్త్ర అధ్యాపకురాలు సూసన్ బారీ, 48వ ఏట కంటి అభ్యాసాలతో జీవితంలో మొదటిసారి రెండు కళ్ల లోతును చూడగలిగారు. పరిస్థితి అందరికీ అలా మారుతుందని చెప్పలేం, పసివయసులో మార్చడం ఎంతో సులువు.

ప్రశ్న: దూరాన్ని గుర్తించడం మనకు పుట్టుకతో వస్తుందా, అనుభవంతో నేర్చుకుంటామా?
— డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మూడు వందల ఏళ్లుగా తత్వవేత్తలు, వైద్యులు వాదించుకుంటున్న ప్రశ్న ఇది. లండన్ శస్త్రవైద్యుడు విలియం చెసెల్డన్ 1728లో ఒక నివేదిక ప్రకటించాడు. పసితనం నుంచి చూపులేని సుమారు 13 ఏళ్ల బాలుడికి ఆపరేషన్ చేస్తే, చూపు వచ్చిన కొత్తలో ఆ బాలుడు కనబడే వస్తువులన్నీ తన కళ్లను తాకుతున్నట్టు అనుకున్నాడట. దూరం నేర్చుకోవలసిందేనన్న వాదానికి ఇది గొప్ప బలమైంది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ ఆ వాదాన్నే మరింత పదును పెట్టి, మనకు తెలియకుండానే మెదడు ఆధారాలను బట్టి చేసే ఊహ వల్లే చూపు కలుగుతుందన్నాడు. తన బాల్యంలో పోట్స్‌డామ్ పట్టణంలోని చర్చి గోపురం మీద నిలబడిన మనుషులను బొమ్మలనుకుని, అందుకుని ఇమ్మని తల్లిని అడిగిన సంగతి కూడా ఆయన రాసుకున్నాడు.

1960లో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం రెండో వైపు మొగ్గింది. పెద్ద గాజుబల్ల కింద ఒక సగంలో గళ్ల గుడ్డను గాజుకు ఆనించి, రెండో సగంలో బాగా కిందుగా పరిచారు. పాకే వయసు పిల్లల్లో ఎక్కువమంది, అవతల నిలబడి తల్లి పిలుస్తున్నా, లోతుగా కనబడే వైపుకు రాలేదు. పుట్టి ఒక్క రోజైన కోడిపిల్లలు, మేకపిల్లలు కూడా అటు అడుగు వేయలేదు. మేకపిల్ల పుట్టిన గంటలోనే లేచి నడుస్తుంది, నేర్చుకునేదాకా ఆగితే బండ మీంచి పడిపోతుంది. మనిషి బిడ్డ సంగతి వేరు. రెండు నెలల పసివాళ్లను ఆ లోతు వైపు పడుకోబెడితే వారి గుండె వేగం మారింది. తేడా వారికి తెలుస్తోంది. కానీ ఆ వేగం పెరగలేదు, తగ్గింది. అది భయానికి కాదు, ఆసక్తికి గుర్తు. పాకడం మొదలుపెట్టాకే ఆ తేడా భయంగా మారుతుంది.

ఈ ప్రశ్నకు మన దేశం నుంచి ఒక ముఖ్యమైన ఆధారం దొరికింది. అమెరికాలోని ఎంఐటీలో ఆచార్యులైన పవన్ సిన్హా, పుట్టుకతో శుక్లాలు వచ్చి చికిత్స అందని పిల్లలకు ఆపరేషన్లు చేయించడానికి ప్రాజెక్ట్ ప్రకాశ్‌ను ప్రారంభించారు. 2015లో ప్రచురితమైన వారి అధ్యయనంలో, 8 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చూపు వచ్చిన వెంటనే ఒక ప్రసిద్ధ దృక్‌భ్రమ బొమ్మ చూపించారు. రైలు పట్టాల్లా దూరంగా పోతూ కలిసే రెండు గీతల మధ్య, పైన ఒకటి, కింద ఒకటి సమానమైన అడ్డగీతలు అందులో ఉంటాయి. మనందరికీ పై గీత పొడవుగా కనబడుతుంది. దూరంగా పోయే రోడ్లు, పట్టాలు ఏళ్ల తరబడి చూసిన అలవాటు వల్ల అలా కనబడుతుందని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఏ రోడ్డునూ, ఏ పట్టాలనూ ఎన్నడూ చూడని ఆ పిల్లలకు కూడా పై గీతే పొడవుగా కనబడింది. కాబట్టి అన్నిటికీ అనుభవమే కారణమన్న వాదం నిలవదు. నా దృష్టిలో అన్ని ఆధారాలకూ ఒకే జవాబు లేదు. కొన్ని పుట్టుకతో సిద్ధంగా వస్తాయి, రెండు కళ్ల పొత్తు వంటివి పుట్టాక సరైన కాలంలో సరైన చూపు అందితేనే కుదురుతాయి, బస్సు ఎంత పెద్దదో తెలియడం వంటివి పూర్తిగా అనుభవంతోనే వస్తాయి. ఇంత మంచి శాస్త్రానికి ఆధారం, పదేళ్లు ఆలస్యంగా ఆపరేషన్ అందిన పేదపిల్లలు కావడం బాధ కలిగిస్తుంది. వారికి చూపు రావడమే ఆ ప్రాజెక్టు మొదటి ఉద్దేశమన్నది మరచిపోకూడదు.

ప్రశ్న: త్రీడీ సినిమా చూస్తే నాకు అరగంటలో తలనొప్పి వస్తుంది. మా తమ్ముడికేమో అందులో ఏ లోతూ కనబడదట. ఎందుకు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: త్రీడీలో తెర మీద ఒకేసారి రెండు బొమ్మలు పడతాయి, అద్దాలు ఒక్కో కంటికి ఒక్కోదాన్నే చేరనిస్తాయి. వీట్‌స్టన్ పరికరం సూత్రమే ఇది. బాణం మీ ముఖం మీదికి వస్తున్నట్టు కనబడితే, రెండు కళ్లూ ఆ బాణం ఉన్నట్టు తోచే చోటికి లోపలికి తిరుగుతాయి. కానీ వెలుతురు వస్తున్నది మాత్రం దూరంగా ఉన్న తెర నుంచే కాబట్టి కంటి లెన్సు తెర మీదే కుదురుకోవాలి. బయటి ప్రపంచంలో ఈ రెండు పనులూ ఎప్పుడూ కలిసే జరుగుతాయి. వాటిని విడదీస్తే కంటికి, తలకు అలసట కలుగుతుందని 2008లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. ముందు వరుసల్లో కాకుండా వెనుక కూర్చుంటే ఈ వైరుధ్యం తగ్గుతుంది. కళ్లద్దాల పవరు సరిగా లేకపోయినా తలనొప్పి ఎక్కువవుతుంది కనుక అది కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి. మీ తమ్ముడికి లోతు కనబడకపోవడానికి రెండు కళ్ల చూపు సమానంగా లేకపోవడమో, బయటికి కనబడనంత చిన్న మెల్ల ఉండటమో కారణం కావచ్చు. అతనికీ కంటి డాక్టరుతో పరీక్ష చేయించండి, త్రీడీలో లోతు కనబడటం లేదన్న సంగతి డాక్టరుకు ముందుగానే చెప్పండి. రెండు కళ్ల పొత్తును పరీక్షించడానికి ప్రత్యేకమైన బొమ్మలు వారి దగ్గర ఉంటాయి.